ఐదు చుక్కలు చూసే విద్య

పసుపు ఉడకబెట్టి, ఆరబోసి, పాలిష్ పట్టించి, కడప యార్డుకు తోలి అమ్మినాక వచ్చిన డబ్బు ఖాతాలో ఎక్కువ రోజులు ఊరికే ఉండకూడదు. ఉంటే ఎవరో ఒకరు దాన్ని ఎరువుల అంగడి బాకీకో, చెల్లెలి ఫీజుకో కట్టేస్తారు. ఈ ప్రమాదం ఖాజీపేట కుర్రోళ్ళకు బాగా తెలుసు కాబట్టే ఆ డబ్బును రాత్రికి రాత్రి ఫోన్లోకి ఎక్కించి, విమానం ఎగిరే ఆటలోనో, ఎరుపా పచ్చా అని రంగు చెప్పే ఆటలోనో, రమ్మీలోనో పెడుతున్నారు. అంతవరకు బాగానే ఉంది. ఏ యాప్‌లో పెట్టాలన్న దగ్గరే తడబడుతున్నారు. కొందరు నాయనను అడుగుతున్నారు. ఒకరిద్దరు బ్యాంకులో కూడా అడిగినారని విన్నా. అబ్బీ, బ్యాంకులో అడిగితే వద్దంటారు, నాయనను అడిగితే చెప్పు తీసుకుంటాడు. ఎప్పుడడిగినా సరేననేది ఒక్కటే ఉంది, యాప్ కింద ఉండే కామెంట్లు. వాటిని ఎట్ల చదవాలో నేర్పేవాళ్ళు లేకనే మన జిల్లా ఇట్ల ఉండిపోయింది.

ముందు చుక్కల సంగతి. పైన 4.6 అని కనిపిస్తే చాలు, వేలు కిందికి జరపొద్దు. జరిపితే అక్కడ ఐదు గీతలుంటాయి. ఐదు చుక్కల గీత బారెడు, ఒక చుక్క గీత జానెడు, మధ్యలో రెండు, మూడు చుక్కల దగ్గర గోరంత. ఏ వస్తువుకైనా ‘పరవాలేదు, నడుస్తుంది’ అనేవాళ్ళు కొందరుంటారు. సినిమాకుంటారు, ట్రాక్టరుకుంటారు, ఆఖరికి పెండ్లికొడుక్కు కూడా ఉంటారు. డబ్బు పెట్టే ఆటకు మాత్రం ఆ రకం మనుషులు కనపడరు. ఉన్నోళ్ళు రెండే రకాలు. ఇప్పుడే గెలిచినోళ్ళు, గెలిచిన డబ్బు తీసుకుందామని పోయి తలుపు మూసి ఉందని తెలుసుకున్నోళ్ళు. ఆ రెండో రకం గురించి తర్వాత మాట్లాడుకుందాం, వాళ్ళతో మనకు తొందరేమీ లేదు.

చుక్కలు ఎప్పుడు అడుగుతారో గమనించినావా? ఓడినప్పుడు ఎన్నడూ అడగరు. నువ్వు 50 పెట్టి 180 తెచ్చుకున్న నిమిషంలో, తెర మీద ఇంకా రంగు కాగితాలు రాలుతుండగానే, చిన్న డబ్బా ఒకటి పైకొస్తుంది. ‘మా ఆట నచ్చిందా?’ నచ్చిందంటే నిన్ను నేరుగా చుక్కలు వేసే పేజీకి తీసుకపోతుంది. నచ్చలేదంటే ‘మీ సలహా మాకు రాయండి’ అని ఇంకో డబ్బా తెరుస్తుంది. అందులో రాసింది కంపెనీకి తప్ప ఎవరికీ కనపడదు. చుక్కలు వేయించే ముందు ‘నచ్చిందా’ అనే ప్రశ్నే అడగొద్దని గూగుల్ వాళ్ళు యాప్‌లు చేసేవాళ్ళకు రాసిపెట్టినారు. పట్టించుకోవద్దు. పెండ్లి భోజనాల దగ్గర కూడా పాయసం వడ్డించినాకే ఎట్లుందని అడుగుతారు గాని, సాంబారు ఒలికినప్పుడు అడుగుతారా?

ఓడినోళ్ళ కామెంట్లు యాడ అని కొందరు తెలివి మీరినోళ్ళు అడుగుతారు. లేవు. వాటిని ఎవరూ దాచిపెట్టనవసరం లేదు, వాళ్ళే రాయరు. రాస్తే పేరు పడుతుంది, ఫోటో పడుతుంది, ప్రొద్దుటూరులో పిల్లనియ్యాల్సిన మామ చూస్తాడు. యాప్ పీకేసినోడు మళ్ళీ ఆ పేజీ మొహం చూడడు. అప్పులోళ్ళకు భయపడి బెంగుళూరు బస్సెక్కినోడికి అక్కడ సెక్యూరిటీ డ్యూటీలో రివ్యూలు రాసేంత తీరిక ఉండదు. పురుగుమందు తాగినోడు అసలే రాయడు. వీళ్ళెవరూ ఫిర్యాదు చేయలేదంటే అర్థమేంది? అందరూ సంతోషంగా ఉన్నట్టే లెక్క వేసుకో.

ఇంక కామెంటు చదవడం. మంచి కామెంటును గుర్తుపట్టడానికి మూడు గుణాలు చూడు. ఒకే రోజు వచ్చినవి ఎన్నో ఉండాలి, అన్నిట్లో ఒకే మాట ఉండాలి, రాసినోడు ఇంతకు ముందు ఏ యాప్ గురించీ నోరు తెరిచి ఉండకూడదు. ఇట్లాంటివి కనిపిస్తే అనుమానపడేవాళ్ళున్నారు. నేనైతే ముచ్చటపడతా. మన పల్లెల్లో సర్పంచి ఎన్నికలకే ఏకాభిప్రాయం కుదరదు, అట్లాంటిది రెండు వందల మంది ముక్కూ మొహం తెలియని మనుషులు ఒకే మంగళవారం, ఒకే వాక్యం రాసినారంటే అది ఐకమత్యం కాక మరేంది? ఒకాయన తాను ప్రొద్దుటూరు బీచ్ రోడ్డులో ఉంటానని కూడా రాసుకున్నాడు. పెన్నలో ఇసుక ఉంది గదా, నీళ్ళు వస్తే బీచ్ కాకుండా పోతుందా.

దొంగ రివ్యూల బెడద ఎక్కువైందని కేంద్ర వినియోగదారుల శాఖ 2022 నవంబరులో ఒక ప్రమాణం తెచ్చింది. ఐఎస్ 19000 అంటారు. రివ్యూ రాసినోడు నిజంగా ఉన్నాడా, వాడినాడా అని సరిచూసుకోవాలి, డబ్బులిచ్చి రాయించినవి వేయకూడదు అని అందులో ఉంది. భయపడొద్దు, పాటించాలనుకున్నోళ్ళు పాటించొచ్చు అనే దాన్ని మొదలుపెట్టినారు. అమెరికాలో మాత్రం 2024 అక్టోబరు నుంచి దొంగ రివ్యూలు అమ్మినా కొన్నా జరిమానా వేసే నియమం వచ్చింది. అక్కడ జనానికి ఒకరి మీద ఒకరికి నమ్మకం తక్కువ.

నమ్మకం అంటే గుర్తొచ్చింది. టెలిగ్రామ్ గ్రూపుల్లో కామెంటుతో పాటు గెలిచిన డబ్బు ఫోటో కూడా పెడతారు. 86,400 రూపాయలు జమ, పచ్చ రంగులో పెద్ద టిక్కు గుర్తు. ఇది తిరుగులేని సాక్ష్యం. నీకో మాట చెప్తా విను. బస్టాండు దగ్గర టీ అంగడి ఆయన దగ్గరికి పోయి రెండు టీలు తాగి, డబ్బు పంపినట్టు ఫోన్లో ఫోటో చూపించు. ఆయన నీ ఫోన్ వైపు కూడా చూడడు. గాజు సీసా పక్కన పెట్టిన చిన్న పెట్టె ‘ఇరవై రూపాయలు వచ్చాయి’ అని అరిస్తేనే చిల్లర డబ్బా మూత వేస్తాడు. ఎందుకంటే పంపకుండానే పంపినట్టు చూపించే దొంగ యాప్‌లు ఆయన చూసినాడు, దెబ్బ తిన్నాడు. ఇరవై రూపాయలకు ఇంత రాద్ధాంతం చేసేవాడు జీవితంలో యాడ పైకొస్తాడు? నువ్వు అట్ల కావొద్దు. 86,400 ఫోటోను చూడంగానే నమ్ము. పెట్టె అరవలేదే అనొద్దు.

మన ప్రాంతానికి ఈ విద్య కొత్తది కాదు. మట్కా ఉన్న ప్రతి ఊళ్ళోనూ చార్టు ఉంటుంది. గడచిన వారాల్లో ఏ ఓపెన్‌కు ఏ క్లోజ్ తగిలిందో గళ్ళు గళ్ళుగా అచ్చేసిన కాగితం. దాన్ని చదివేవాడు ఊరికొకడుంటాడు. పదో తరగతిలో లెక్కలు తప్పినోడే ఉంటాడు గాని ఆ చార్టు ముందర కూర్చుంటే ఏడుకు తొమ్మిది ఎందుకు వస్తుందో, కలలో పాము కనపడితే ఏ అంకె కట్టాలో గంటసేపు చెప్తాడు. చీటీ రాసే బీటరు ఎదురుగా నిలబడి ఓపిగ్గా వింటాడు. ఎంత మంచోడో చూడు, ఒక్కసారి కూడా అడ్డు చెప్పడు. ఇప్పుడా చార్టు రంగుల ఆటలోకి వచ్చింది. తెర కింద ‘ట్రెండ్’ అని నొక్కితే గత వంద ఆటల్లో ఎరుపు ఎన్ని, పచ్చ ఎన్ని అని బొట్లు బొట్లుగా కనపడతాయి. ఐదు పచ్చలు వరసగా వచ్చినాయి కాబట్టి ఆరోది ఎరుపే అని కామెంట్లలో వంద మంది ఒట్టేస్తారు. ఇంకో వంద మంది పచ్చ ఊపు మీద ఉంది, వదలొద్దంటారు. ఇద్దరి మాటా విను. రంగును తీసే యంత్రానికి కిందటి ఆట గుర్తుండదనీ, అసలు యంత్రం ఎవరింట్లో ఉందో, ఎవరి పందెం ఎంతో చూసుకుని రంగు తీస్తోందో లేదో నీకు తెలిసే దారే లేదనీ ఎవడైనా చెప్పబోతే, టీ డబ్బులు వాడి చేత కట్టించి లేచి వచ్చేయ్.

ఈ చార్టు చదివే పని కూడా నీకు లేకుండా చేయడానికి టెలిగ్రామ్ గురువులున్నారు. రోజూ ఒక రంగు చెప్తారు, ఐపీఎల్ రోజుల్లోనైతే గెలిచే జట్టు చెప్తారు. ఐదు రోజులు వరసగా నిజమైతే నీకు ఒళ్ళు జలదరిస్తుంది. జలదరించాలి కూడా. వాళ్ళు చేసే తపస్సు ఇట్లుంటుంది. 1,600 మందిని చేర్చుకుంటారు. సగం మందికి ఎరుపు, సగం మందికి పచ్చ అని పంపుతారు. తప్పు చెప్పిన 800 మందిని వదిలేస్తారు. మిగిలిన 800లో మళ్ళీ సగం సగం. మూడో రోజుకు 400 మంది, నాలుగో రోజుకు 200, ఐదో రోజు పొద్దున 100. ఆ రోజు సాయంత్రానికి 50 మంది మిగులుతారు. ఆ 50 మందికి ఐదుకు ఐదూ నిజమైనాయి. వాళ్ళకు ఆయన మనిషి కాదు. బ్రహ్మంగారి మఠం మనకు దగ్గరే కాబట్టి మనోళ్ళకు భవిష్యత్తు చెప్పేవాళ్ళ మీద గురి ఎట్లాగూ ఉంది. వీరబ్రహ్మం గారు కాలజ్ఞానానికి జనం దగ్గర యూపీఐ చేయించుకోలేదు గాని, కాలం మారింది. ఆరో రోజు ‘వీఐపీ గ్రూపుకు 2,999’ అని అడిగినప్పుడు ఆ 50 మందే కళ్ళ నీళ్ళతో కామెంట్లు రాస్తారు, అన్నా నువ్వు దేవుడివన్నా అని. అవి అబద్ధం కామెంట్లు కావు. ఒక్కొక్కటీ నిజం. మిగిలిన 1,550 మందిని నువ్వు కలవనంతవరకు నీ విశ్వాసానికి ఢోకా లేదు. గురువు తన తప్పు జోస్యాలను ఎప్పటికప్పుడు చెరిపేస్తూ, ఎవరూ తిరిగి రాయకుండా గ్రూపుకు తాళం వేసి ఉంటే ఇంకా మేలు. మాట్లాడేది ఒక్క గొంతే అయినప్పుడు వాదన ఉండదు.

ఐదు చుక్కల కామెంటు చివర నాలుగు అక్షరాలు, నాలుగు అంకెల కోడు ఒకటి కనపడుతుంది. దీన్ని వాడితే నీకు 100 రూపాయలు బోనస్ వస్తుందని రాస్తారు. నీకు రావాల్సిన వంద గురించి ముక్కూ మొహం తెలియనోడు ఇంత తాపత్రయపడుతున్నాడే అని నీ మనసు కరగాలి. ఇందులో వాడికేముంది అని ఆరా తీయొద్దు. తీస్తే తెలిసేదేమంటే, చాలా పందేల కంపెనీలు మనిషిని తెచ్చినోడికి ఆ మనిషి పోగొట్టుకున్న డబ్బులో వాటా ఇస్తాయి. నువ్వు గెలిస్తే వాడికి సున్నా. నువ్వు పసుపు డబ్బంతా పోగొట్టుకుంటే వాడికి నెల గడుస్తుంది. నీ నష్టం మీద బతికేవాడే నీకు ధైర్యం చెప్తున్నాడన్నమాట. అట్లాంటోడి కన్నా నిన్ను శ్రద్ధగా చూసుకునేవాడు ఇంకెవడుంటాడు? నాయనకు ఆ శ్రద్ధ ఉందా? రాత్రి పదకొండుకు ‘బ్రో, ఇంకా ఆడలేదే’ అని నాయన ఎన్నడైనా మెసేజ్ పెట్టినాడా?

సినిమావాళ్ళు, యూట్యూబోళ్ళు చెప్పేది ఇదే కోవలో పెద్ద కామెంటు. 2025 మార్చిలో హైదరాబాద్‌లో పోలీసులు బెట్టింగ్ యాప్‌లకు ప్రచారం చేసినారని వాళ్ళ మీద కేసులు పెట్టేసరికి ఒకరి వెనక ఒకరు వీడియోలు తీసేసినారు. ఇంక సామాన్యుడి కామెంటే మిగిలింది.

ఇప్పుడు ఒక చుక్క వాళ్ళ దగ్గరికి వద్దాం. వీళ్ళ గోడు చదివితే ఆరోగ్యం చెడిపోతుంది గాని, ఎట్లా దాటేయాలో తెలియడానికి ఒక్కసారి చూడు. డబ్బు వేసినప్పుడు రెండు సెకన్లలో పడింది, తీసుకునేటప్పుడు తొమ్మిది రోజులుగా ‘ప్రాసెసింగ్’ అంటోంది. మొదటిసారి 300 తీసుకుంటే గంటలో ఇచ్చినారు, 22,000 అనేసరికి ఆధార్ మసకగా ఉందన్నారు. మళ్ళీ పంపితే పేరులో ఒక అక్షరం తేడా ఉందన్నారు. బోనస్ తీసుకున్నావు కాబట్టి దానికి ఇన్ని రెట్లు ఆడితే గాని ఒక్క రూపాయి కూడా కదలదన్నారు. ఆడినాడు, పోయినాయి. ఊరి పేర్లు వేరు, రాసే తీరు వేరు, తప్పులు వేరు, కోపం వేరు, కానీ జరిగింది మాత్రం వరస తప్పకుండా ఇదే. అందుకే వీటిని నమ్మకూడదు. వీళ్ళంతా కూడబలుక్కున్నారు.

నువ్వు చదవాల్సింది దాని కింద కంపెనీ ఇచ్చే జవాబు. ‘ప్రియమైన వినియోగదారుడా, మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము. దయచేసి మీ రిజిస్టర్డ్ మొబైల్ నంబరుతో మాకు రాయండి.’ ఎంత మర్యాద! మన మండలాఫీసులో ఎవరైనా చింతిస్తారా? జవాబు పక్కన తేదీ చూడు, అంతకు ముందు నెల జవాబు చూడు, రెండేళ్ళ కిందటిది చూడు. ఒక్క అక్షరం మారలేదు. మాట మీద నిలబడే కంపెనీ.

మనది ఆంధ్రప్రదేశ్ కాబట్టి మనకొక ప్రత్యేక పాఠం ఉంది. 2020 సెప్టెంబరు మొదట్లోనే ఇక్కడ ఆన్‌లైన్ రమ్మీ, పోకర్ లాంటివన్నీ నిషేధించాలని మంత్రివర్గం తీర్మానించింది, నడిపేవాళ్ళకు మొదటిసారి ఏడాది, ఆడేవాళ్ళకు ఆరు నెలల దాకా జైలని చెప్పింది. అక్టోబరు నెలాఖరులో, అప్పట్లో ముఖ్యమంత్రిగా ఉన్న మన పులివెందుల ఎమ్మెల్యే జగన్మోహన్ రెడ్డి, కేంద్ర మంత్రి రవిశంకర్ ప్రసాద్‌కు ఉత్తరం రాసి 132 సైట్లు, యాప్‌లు ఇక్కడ తెరుచుకోకుండా చేయమని అడిగినాడు. జాబితా పొడుగు చూసి మనకు నిరాశ కలగాలి. కానీ కామెంట్లు చదివేవాడికి నిరాశ ఎందుకు? ‘ఫోన్ ఇంకో రాష్ట్రంలో ఉన్నట్టు చూపించే యాప్ వేసుకో బ్రో, బళ్ళారి పెట్టు, సూపర్‌గా నడుస్తుంది’ అని అక్కడే ఉంటుంది. చేయి. కేసీ కాలువ గట్టు మీద కూర్చుని బళ్ళారిలో ఉండడం అందరికీ దొరికే భాగ్యం కాదు. ఓడినంత కాలం నువ్వు బళ్ళారిలోనే ఉంటావు, ఎవరూ ప్రశ్నించరు. 40,000 గెలిచిన రోజు కంపెనీకి ఒక్కసారిగా నీ ఆధార్‌లో ఖాజీపేట అని కనపడుతుంది. నిషేధం ఉన్న రాష్ట్రం నుంచి ఆడినావు, నిబంధన ఉల్లంఘించినావు, డబ్బు జప్తు అంటారు. నువ్వు పోలీసు స్టేషనుకు పోయి ఏమని చెప్తావు? అందుకే ఆ సలహా ఇచ్చిన కామెంటు అంత విలువైనది. డబ్బు పోవడమే కాదు, పోయిందని చెప్పుకునే నోరు కూడా ముందే కుట్టేస్తుంది.

‘ఇది జూదం కాదు, నైపుణ్యం, సుప్రీంకోర్టే చెప్పింది’ అనే కామెంటు ప్రతి రమ్మీ యాప్ కింద తప్పకుండా ఉంటుంది. ఇది బట్టీ పట్టు, ఇంట్లో పనికొస్తుంది. ఆ తీర్పు మనదే. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పెట్టిన కేసు. సికిందరాబాదులో ఒక క్లబ్బులో పేకాట ఆడుతుండగా పోలీసులు పట్టుకున్నారు. పడిన ముక్కలు గుర్తుపెట్టుకోవాలి, ఏది పట్టాలో ఏది వదలాలో తెలియాలి కాబట్టి రమ్మీ ప్రధానంగా నైపుణ్యమున్న ఆట, మూడు ముక్కలాట లాంటిది కాదు అని సుప్రీంకోర్టు తేల్చింది. 1968 నాటి రిపోర్టుల్లో అచ్చయింది. ఇంతవరకు చదివి పుస్తకం మూసేయాలి. తర్వాతి మాటల్లో, ఆ ఆట మీద క్లబ్బు యజమాని లాభం తీసుకుంటున్నట్టు రుజువైతే నేరం అవుతుందని కూడా అదే కోర్టు అన్నది. ప్రతి ఆటకూ ఇంత అని కోసుకునే యాప్‌ను తలుచుకుని నువ్వు మనసు పాడు చేసుకోవద్దు. పైగా ఆ క్లబ్బులో ఎదురుగా కూర్చున్నోడు మనిషి. వాడి కళ్ళు కనపడతాయి, ముక్క పట్టుకున్న వేళ్ళు కనపడతాయి. నీ యాప్‌లో ఎదురుగా ఉన్నది ‘రాజా_వైజాగ్’ అనే బొమ్మ. వాడు మనిషో, కంపెనీ ఆడించే ప్రోగ్రామో. ఏదైనా నీ నైపుణ్యం నీదే.

ఇంతలో 2025 ఆగస్టు వచ్చింది. పార్లమెంటు రెండు రోజుల్లో ఆన్‌లైన్ గేమింగ్ చట్టం ఆమోదించింది, 22న రాష్ట్రపతి సంతకం పడింది. నైపుణ్యమా అదృష్టమా అన్న తగువే అక్కర్లేదు, డబ్బు పెట్టి ఆడించే ఆన్‌లైన్ ఆట ఏదైనా కూడదన్నారు. నడిపేవాళ్ళకు మూడేళ్ళ దాకా జైలు, కోటి దాకా జరిమానా. ప్రచారం చేసేవాళ్ళకు రెండేళ్ళు, 50 లక్షలు. నీ కోడు పది మందికి పంచడం ప్రచారం కిందికి వస్తుందా రాదా అని ప్రొద్దుటూరు పోయి లాయరును అడగొద్దు, ఫీజు దండగ. ఆడేవాడి మీద ఈ చట్టంలో శిక్ష లేదు, అది చాలు మనకు. పేరున్న దేశీ కంపెనీలు వారం తిరగకుండానే డబ్బు ఆటలు ఆపేసినాయి. కాబట్టి ఇంకా తలుపు తీసి పిలుస్తున్నోళ్ళు ఎవరో సులువుగా గుర్తుపట్టొచ్చు. ఆఫీసు యాడుందో తెలియదు, యజమాని పేరు తెలియదు, ఏ కోర్టుకు పోవాలో తెలియదు. తెలిసేవి ఒక్క కామెంట్లే. వాటి విలువ ఇప్పుడే పెరిగింది.

ఇట్లాంటి యాప్ స్టోరులో దొరకదు. లింకు నొక్కితే అచ్చం స్టోరులాగే ఒక పేజీ తెరుచుకుంటుంది. అవే రంగులు, అదే త్రికోణం బొమ్మ, 4.8 చుక్కలు, కోటి డౌన్‌లోడ్లు, కింద నవ్వు ముఖాలతో కామెంట్లు. అక్కడ ఆగిపోయి చుక్క మీద వేలు పెట్టి చూసే చెడ్డ బుద్ధి కొందరికుంటుంది. నొక్కితే అది కదలదు. కామెంటు పక్కన బొటనవేలు గుర్తు నొక్కినా అంకె మారదు. ‘అన్ని రివ్యూలు చూడు’ అంటే యాడికీ పోదు. పేజీ అంతా బొమ్మే. పైన చూస్తే చిరునామాలో గూగుల్ అనే మాట ఉండదు. ఇంత శ్రమపడి బొమ్మ గీసినోళ్ళను గౌరవించి, ఇన్‌స్టాల్ నొక్కు. ‘ఇది తెలియని చోటు నుంచి వచ్చింది, హాని చేయొచ్చు’ అని ఫోన్ మొత్తుకుంటుంది. దాని నోరు మూయించే మీట సెట్టింగుల్లో ఉంటుంది. మెసేజ్‌లు చదవడానికి అనుమతి అడిగితే ఇచ్చేయ్. బ్యాంకు ఓటీపీలు నువ్వొక్కడివే చదువుకోవడం స్వార్థం.

డబ్బు వేసేటప్పుడు కంపెనీ పేరు కనపడదు. ఒకరోజు ఎవరో ఆడమనిషి ఖాతా, ఇంకోరోజు ఏదో కిరాణా అంగడి, మూడో రోజు ఇంకెవరో. అడిగితే ‘సర్వర్ అప్‌డేట్’ అంటారు. ఆ ఖాతాలు అద్దెవి. నీలాంటి కుర్రోడే యాడనో నెలకింతని పాసుబుక్కు, కార్డు, సిమ్ము మూడూ కలిపి దానం చేసినాడు. నీకు గెలుపు డబ్బు కూడా అట్లాంటి ఖాతా నుంచే వస్తుంది. ఏ రాష్ట్రంలోనో ఆ ఖాతా మీద సైబర్ కేసు పడితే, డబ్బు పోయిన దారి వెంబడి వచ్చి పోలీసులు నీ ఖాతా కూడా ఆపేయిస్తారు. అప్పుడు పంట డబ్బు కోసం నాయన బ్యాంకుకు పోతాడు. కౌంటరులో అమ్మాయి కంప్యూటరు తన వైపు తిప్పుకుని చూసి, మీ అబ్బాయిని పంపండి అంటుంది. ఆ పూట నువ్వు ఊళ్ళో లేకుండా చూసుకో.

డబ్బు ఇరుక్కున్నాక కూడా కామెంట్లు నిన్ను వదిలిపెట్టవు. అదే వాటి గొప్ప. నువ్వు ఏడుస్తూ ఒక చుక్క రాసిన ఐదు నిమిషాల్లో కింద ఒక జవాబు వస్తుంది. ‘నాకూ ఇట్లే అయింది బ్రదర్, ఈ వాట్సాప్ నంబరు సార్ 24 గంటల్లో ఇప్పించినాడు.’ వెంటనే కలువు. సార్ మంచి ఇంగ్లీషులో మాట్లాడతాడు. గెలుపు మీద 30 శాతం పన్ను ముందు నువ్వు కడితే గాని డబ్బు విడుదల కాదంటాడు. 2023 ఏప్రిల్ నుంచి ఆ పన్నును గెలుపులోంచి కంపెనీయే కోసుకుని ప్రభుత్వానికి కట్టాలి, ఆటగాడి దగ్గర విడిగా అడగడమనేదే లేదు అని ఎవరైనా చెప్తే చెవిలో వేసుకోవద్దు. పన్ను కట్టినాక ఫైలు ఖర్చు, ఫైలు ఖర్చు కట్టినాక విడుదల రుసుము అడుగుతాడు. ఒక పనిని మొదలుపెట్టి మధ్యలో వదిలేసే అలవాటు మంచిది కాదు, చివరిదాకా కట్టు.

సైబర్ మోసాల మీద ఫిర్యాదుకు 1930 అని ఒక నంబరుంది. ముందు 155260 అని ఉండేది, దాన్నే మార్చినారు. డబ్బు పోయిన వెంటనే, గంట తిరగకుండా చెప్తే, అది ఇంకో ఖాతాకు ఎగిరిపోకముందే బ్యాంకుల చేత ఆపించడానికి వీలుంటుంది. అందుకే నువ్వు వారం ఆగి, సారుతో పనులన్నీ తేల్చుకుని, అప్పుడు ఆలోచించు.

చివరికి ఒక రాత్రి కంపెనీ నుంచే నీకు మెసేజ్ వస్తుంది. ‘మీ 22,000 పరిశీలనలో ఉంది. మీరు పెట్టిన ఒక చుక్క రివ్యూ వల్ల ఫైలు ఆగింది. దయచేసి దాన్ని ఐదు చుక్కలకు మార్చి, స్క్రీన్‌షాట్ పంపండి. 48 గంటల్లో జమ అవుతుంది.’ ఇందులో ఆలోచించేదేముంది? మార్చు. కాస్త పొడుగ్గా రాయి, డబ్బు టైముకు వచ్చిందని రాయి, ఊరి పేరు కూడా వేయి. చాపాడులోనో దువ్వూరులోనో పసుపు అమ్మి వచ్చిన కుర్రోడు మన పక్క ఊరోడే రాసినాడని చూస్తాడు. కింద నీ కోడు వేయడం మర్చిపోవద్దు.